రెండు తాళాల గంట

మా మామ దగ్గర ఎద్దులు లేవు. ఉన్న జోడీని అమ్మేసి ట్రాక్టర్ కొన్నాడు. ఆయన చిన్నాన్న కొడుకు గజానన్ పటేల్ దగ్గరా ఎద్దులు లేవు. అయినా ఎద్దులకు మొక్కే పోలా పండుగ నాడు ఎవరి ఎద్దులు ముందు నడవాలన్న విషయం మీద ఈ ఇద్దరు పెద్దమనుషులూ ఊరిని రెండు ముక్కలు చేశారు. పండుగ వచ్చిందంటే కుండల్‌వాడి నుంచి టెంపోలో కిరాయి ఎద్దులు దిగుతాయి. వాటి కొమ్ములకు రంగులు పూసి, వీపుల మీద అద్దాల గుడ్డలు కప్పి, తాతల నాటి నుంచి తమ కొట్టంలోనే పెరిగాయన్నంత ధీమాగా పక్కన నడుస్తారు. ఎవరి కిరాయి ఎద్దులు తోరణం కింద ముందు దూరితే వాళ్లది 'మాన్'. అంటే ఊళ్లో మొదటి మర్యాద. ఈ మర్యాద కోసం చావడానికైనా సిద్ధమని మా మామ మారోతి పటేల్ మీసం దువ్వుకుంటూ అంటుండేవాడు. చావడానికి వేరేవాళ్లు ఉన్నారన్న ధైర్యం కాబోలు.

నేను బోధన్ అవతల మంజీర ఒడ్డు ఊరి పిల్లను. బిలోలి తాలూకాలోని ఈ ఊరికి కోడలిగా వచ్చాను. మా మెట్టినిల్లు పాత గఢీ పక్కన, ఎత్తు మీద ఉంది. గఢీలో కూలకుండా మిగిలింది ఒక్క బురుజే. దాని మీద అడ్డదూలానికి ఇత్తడి గంట వేలాడుతోంది. కింద వాగు పక్కన కింది వాడ. మా పొలాల్లో కలుపు తీసేదీ, సోయా కోసేదీ ఆ వాడ వాళ్లే.

ఆ గంటను పోలా కోసం కట్టలేదు. నిజాం కాలంలో బురుజు మీద తలారి కాపలా ఉండేవాడట. గడ్డివాము అంటుకున్నా, దొంగలు పడ్డా, మంజీర ఉప్పొంగినా ఆగకుండా కొట్టేవాడట. ఆ మోత వింటే చేతిలో పని అక్కడే పడేసి, పిల్లలను ఎత్తుకుని, ఊరంతా బురుజెక్కాలి. రజాకార్లు వస్తున్నారని చెప్పిందీ ఆ గంటే. తర్వాత రాజ్యం మారింది, తలారీలు పోయారు, గంట మిగిలింది. ఊరికే వేలాడుతోంది కదా అని పటేళ్లు దాన్ని తమ మర్యాదకు వాడుకోవడం మొదలుపెట్టారు. పోలా నాడు పటేల్ ఎద్దులు తోరణం దాటుతుంటే కింది వాడ కాశీరాం తాడు లాగాలి. కాశీరాం తండ్రి తాతలే ఒకప్పటి తలారీలు.

రెండేళ్ల కిందటి పోలాకు రెండు టెంపోలూ ఒకేసారి దిగాయి. రెండు జోడీలూ ఒకేసారి తోరణం ముందుకు వచ్చాయి. ఎవరో "కొట్టురా" అని అరిచారు, కాశీరాం కొట్టాడు. అది ఎవరి ఎద్దుల కోసం కొట్టాడన్నది తేలలేదు. కట్టెలు లేచాయి. అయితే పటేళ్లు పటేళ్లను కొట్టుకుంటే రేపు పెళ్లిళ్లలో ఒకే బంతిలో కూర్చోవాలి కదా! అందుకని కాసేపు బూతులు తిట్టుకుని, రెండు పక్షాలూ కింది వాడ మీద పడ్డాయి. కాశీరాం అవతలి వాళ్ల మనిషని వీళ్లు కొట్టారు, ఇవతలి వాళ్ల మనిషని వాళ్లు కొట్టారు. ముసలివాడి కుడి చెయ్యి విరిగింది. వాడలో తలుపు ఉన్న ప్రతి ఇంటికీ దెబ్బలు తగిలాయి.

ఆ తర్వాత ఊరి తగవులు చూసే పోలీస్ పాటిల్ పెద్ద రాజీ కుదిర్చాడు. గంట లోపలి నాలుకను గొలుసుతో దూలానికి బిగించి, రెండు తాళాలు వేయించాడు. ఒక తాళంచెవి మా మామకు, ఇంకొకటి గజానన్‌కు. ఇద్దరూ కలిసి తీస్తే తప్ప నాలుక కదలదు. మా మామ తన తాళంచెవిని మొలతాడుకు కట్టుకున్నాడు. గజానన్ కూడా అదే పని చేశాడని విని, వాడు తనను చూసి నేర్చుకున్నాడని మురిసిపోయాడు. ఇక మాన్ ఎవరిదో తేల్చమని ఇద్దరూ బిలోలి తహసీల్ కచేరీలో అర్జీలు పెట్టుకున్నారు.

ఈ ఏడు మిరుగం కార్తె వానలు మొదలైన వారంలో నాందేడ్ నుంచి ఏదో యూట్యూబ్ చానెల్ వాళ్లు వచ్చారు. మా మామ కొత్త పటకా తలకు చుట్టుకుని గంట కింద నిలబడ్డాడు.

"రజాకార్లు అచ్చిన్నాడు మా తాత గీ గంట గొట్టి ఊరంతటిని బచాయించిండు" అని కెమెరా వైపు చెయ్యి ఊపి చెప్పాడు.

వంటింట్లో మా అత్త సుందరాబాయి జొన్నరొట్టె తడుతూ నాకు మాత్రమే వినబడేట్టు అంది. "వాళ్ల తాత జొన్నల గుమ్మిల దాక్కున్నడు. బయటికి తీసేటందుకు ఇద్దరు మనుషులు గావల్సొచ్చిన్రట. కొట్టింది కాశీరాం నాయిన."

నవ్వాపుకోలేక రొట్టె మాడ్చాను. మా అత్త నవ్వలేదు. ఆమె మనసు ఎక్కడుందో ఆ సాయంత్రం తెలిసింది. మామ భోజనానికి కూర్చున్నప్పుడు పళ్లెం ముందు నిలబడి అడిగింది.

"వానలు షురువైనయి. గంట తాళాలు తీపియ్యుండ్రి. వాగు లేస్తె కింది వాడోళ్లకు ఎట్ల దెలుస్తది?"

"ముందు వాని చావి పెట్టుమను. వెనుక నేను పెడ్త."

"వాళ్లు గూడ గట్లనే అంటున్నరు."

"నీకెవలు చెప్పిన్రే?"

మా అత్త చేతులకు నీళ్ల చెంబు అందించింది. గజానన్ భార్య ఉమాబాయితో పెరటి గోడ మీదుగా మాట్లాడుతుందని ఇంట్లో మగవాళ్లకు తప్ప అందరికీ తెలుసు.

"నేను ముందు పెడితె మాన్ వానికి ఇడిసిపెట్టినట్టె గద! సైరన్ ఉంది, సైరన్ మోగుతది" అన్నాడు మామ, చెయ్యి కడుక్కుంటూ.

ఎన్నికల ముందు పంచాయతీ మీద ఒక సైరన్ బిగించారు. దాని కన్నా దాని కింద ఉన్న నాయకుడి బొమ్మ పెద్దది. అది మోగింది ప్రారంభోత్సవం నాడు ఒక్కసారే. కరెంటు ఉంటేనే అది మోగుతుంది, మబ్బు కనబడితే మా ఊరి కరెంటు ముందు తనే పారిపోతుంది. నా భర్త నిలేశ్‌తో ఈ మాట అంటే "బాపు చూసుకుంటడు తియ్" అన్నాడు. నిలేశ్ చదువుకున్నవాడు. అంటే తండ్రి నోటితో అన్నదాన్ని ఫోన్‌లో టైపు చేసి గ్రూపులో పెట్టగలడు. ఊరి గ్రూపు కూడా అప్పటికే రెండయింది.

మా అత్తకు ఇంత పట్టింపు ఎందుకంటే, కాశీరాం కోడలు సంగవ్వ ఉంది. ఇద్దరూ ఒకే ఏడు ఈ ఊరికి కోడళ్లుగా వచ్చారు. ఒకే సాలులో వంగి కలుపు తీసి, గట్టు మీద ఒకే సంచిలోంచి ఆకు వక్క తిన్నారు. కింది వాడ పటేళ్లను ఎంత తిట్టుకున్నా తనను మాత్రం తమ మనిషనే అనుకుంటుందని మా అత్త నమ్మకం. అది ఆమెకున్న ఒకే ఒక గర్వం. ఆ ఇంట్లో నలభై ఏళ్లు బతకడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

శ్రావణంలో ముసురు పట్టింది. మూడు రోజులు కొట్టికొట్టి, నాలుగో రోజు పొద్దున తెరిపినిచ్చింది. ఎండ కూడా కాసింది, పోయిన కరెంటు మాత్రం రాలేదు. ఆ రోజే బిలోలిలో అర్జీల విచారణకు తారీఖు. మా వాళ్లు ఒక జీపులో, గజానన్ వాళ్లు ఇంకో జీపులో బయలుదేరారు. తమ వెనుక జనం ఎక్కువ ఉన్నారని చూపించుకోవాలి కాబట్టి కింది వాడ మగవాళ్లను కూడా బిర్యానీ ఆశ పెట్టి చెరి సగం ఎక్కించుకుపోయారు. ఊళ్లో ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు మిగిలారు.

మధ్యాహ్నం పుట్టింటి నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, మంజీర మా దిక్కు రోడ్డెక్కింది. పైన గేట్లెత్తిన్రట. మీ దిక్కే అస్తున్నయి నీళ్లు. జల్ది చెప్పు మీ ఊళ్లె."

నేనూ అత్తా మిద్దె ఎక్కి చూశాం. వాగు ఎదురు పారుతోంది. నది వైపు పోవలసిన నీళ్లు, చెత్తతో, విరిగిన కొమ్మలతో ఊరి వైపు వెనక్కి వస్తున్నాయి. పైన ఆకాశం తేటగా ఉంది. కింది వాడలో ఆడవాళ్లు ఎండ దొరికిందని తడిసిన బొంతలు ఆరేసుకుంటున్నారు. వాళ్ల ఇళ్ల వెనుక తుమ్మ చెట్లు అడ్డం కాబట్టి వాగు వాళ్లకు కనబడదు.

నిలేశ్‌కు ఫోన్ చేశాను. కచేరీ గొడవలో అతనికి సగం వినబడలేదు. మామ ఫోన్ లాక్కున్నాడు.

"మామా, వాగు ఎదురొస్తుంది. గంట కొట్టాలె. తాళం పగలగొట్టమంటరా?"

"అగ్గో! ముట్టకుండ్రి! గిప్పుడే సాహెబు ముంగట నిలబడ్డం. తాళం పలిగిందంటె కేసు మన మీదికి మర్లుతది. గజానన్‌గాడు గదే సూస్తున్నడు."

"మరి నీళ్లో?"

"నీళ్లు గంత జల్ది రావు. సాయంత్రం అచ్చి సూస్త."

ఆ రెండు తాళంచెవులూ ఒకే గదిలో, రెండు మొలతాళ్లకు, పక్కపక్కనే వేలాడుతున్నాయి. ఫోన్ పెట్టేసి చూస్తే అత్త పక్కన లేదు. కొట్టంలోంచి గడ్డపార తీసుకుని బురుజు మెట్లెక్కుతోంది.

"అత్తమ్మా, తాళం పలగ్గొడితె కేసైతదంటున్నడు."

"తాళాన్ని ఎవలు ముడుతున్నరే?" అని ఆమె గడ్డపార ఎత్తి గంట బయటి అంచు మీద ఒక్కటిచ్చింది.

గంట మోగింది. వినసొంపుగా ఏమీ లేదు, చెవులు చిల్లులు పడేలా మోగింది. రెండేళ్లు రెండు కుటుంబాలూ, పోలీస్ పాటిల్, తహసీల్ కచేరీ కలిసి ఆ ఇత్తడి నాలుకకు కాపలా కాశారు. బయటి నుంచి ఇనుముతో కొడితే గంట మోగుతుందని ఇంతమంది మగవాళ్లలో ఒక్కరికీ తట్టలేదు. తట్టి ఉంటే దానికి పరుపు చుట్టేవాళ్లు.

మా అత్త ఆగకుండా కొట్టింది. కింద వాడలో కదలిక వచ్చింది. ఆడవాళ్లు తలలెత్తి బురుజు వైపు చూశారు. ఆరేసిన బొంతలు గబగబా లాగారు. ఆడుకుంటున్న పిల్లల రెక్కలు పట్టుకున్నారు. "అస్తున్నరు, అస్తున్నరు" అని మా అత్త రొప్పుతూ ఇంకా గట్టిగా కొట్టింది. వాళ్లు రాలేదు. పిల్లలను లోపలికి తోసి తలుపులు వేసుకున్నారు. మొదట చివరి వరుస, తర్వాత మధ్య వరుస, చూస్తుండగానే వాడ అంతా మూసుకుపోయింది. ఒక్క మేక బయట మిగిలింది. ఒక తలుపు తెరుచుకుని దాన్ని కూడా లోపలికి లాక్కుంది.

అత్త గడ్డపార దించింది.

"ఏందే గిది? లోపలికి పోతున్నరేంది?"

"లొల్లి షురువైందనుకుంటున్నరు అత్తమ్మా. పటేళ్లు కొట్టేటందుకు అస్తున్నరనుకుంటున్నరు."

ఆమె నా వైపు చూడలేదు. గడ్డపార అక్కడే వదిలేసి, కొంగు నడుముకు చుట్టి మెట్లు దిగింది. నేను వెనుక పరిగెత్తాను. వాడలో అడుగుపెట్టేసరికి తుమ్మ చెట్ల కిందినుంచి నీళ్లు పాకుతూ వస్తున్నాయి, చప్పుడు కూడా లేదు. అత్త తిన్నగా సంగవ్వ ఇంటికి పోయి తలుపు బాదింది.

లోపలి నుంచి సంగవ్వ గొంతు వినబడింది. "మా మొగోళ్లు ఇంట్ల లేరు. పిల్లలున్నరు. మా జోలికి రాకుండ్రి."

"సంగవ్వా, నేనే. సుందరాబాయిని."

తర్వాత అదే గొంతు, ఇంకా మెల్లగా, "ఎరుకే పటేలమ్మా. మీ కాళ్లు మొక్కుత, పోండ్రి" అంది.

మా అత్త చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది. నేను "నీళ్లు, నీళ్లు" అని అరుస్తున్నాను. పక్కిళ్ల నుంచి ఎవరూ పలకడం లేదు. పటేళ్ల ఇంటివాళ్లు బయటికి పిలవడానికి ఎన్ని అబద్ధాలైనా ఆడతారని వాళ్లకు అనుభవం. ఎండ కాస్తుంటే వరదేమిటి? మా పాదాలు మునిగాయి. నీళ్లు గడప కిందినుంచి సంగవ్వ ఇంట్లోకి పోయాయి. అప్పుడు గడియ తీసిన చప్పుడైంది. మా మాట విని తీయలేదు. నీళ్లను చూసి తీసింది.

ఆ తర్వాత అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. పిల్లలను చంకనేసుకుని, ముసలివాళ్లను నడిపించుకుని, జనం బురుజు వైపు పరిగెత్తారు. కాశీరాం మాత్రం వాగు అంచున తన గుడిసెలో ఒక్కడే ఉన్నాడు. లోపల గడియ పెట్టుకుని, పనిచేసే ఒక్క చేత్తో తిరగలి రాయిని తలుపుకు అడ్డం దొర్లించుకున్నాడు. మేం ముగ్గురం భుజాలు పెట్టి తోసినా తలుపు కదల్లేదు. నీళ్లు నడుము దాటాయి.

"మామా, బయటికి రాయే! వరదొచ్చింది!" అని సంగవ్వ గొంతు చించుకుంది.

లోపల ముసలివాడు ఒకటే మాట అంటున్నాడు. "నేను గొట్టలే పటేలా. గంట నేను గొట్టలే. నేను ముట్టలే."

చివరి వరకూ అదే అన్నాడు. సంగవ్వే మా అత్తను జుట్టు పట్టి వెనక్కి లాగింది.

మగవాళ్లు మర్నాడు దారి తెరిచాక వచ్చారు. మా మామ ఇంటికి రాకుండా ముందు బురుజెక్కాడు. రెండు తాళాలూ లాగి చూసి, భద్రంగా ఉన్నాయని తృప్తిపడ్డాడు. ఆ తర్వాతే గంట మీద సొట్టలు చూశాడు. ఎవరు కొట్టారని అడిగితే నిలేశ్ నా వైపు చూశాడు, నేను అత్త వైపు చూడలేదు. ఆమే "నేనే గొట్టిన" అంది.

ఆ వారంలో నేనొక వింత చూశాను. రెండేళ్లుగా ఎదురుపడితే ఉమ్మేసుకునే మారోతి పటేల్, గజానన్ పటేల్ మా పడసాలలో ఒకే చాప మీద కూర్చున్నారు. ఊరు మునిగితే కలవలేదు కానీ, ఆడది గంటను ముట్టిందంటే కలిశారు. గంట మైలపడిందని, శుద్ధి చేయించాలని ఇద్దరూ ఒకే గొంతుతో అన్నారు. పేపర్ల వాళ్లు వస్తున్నారు కాబట్టి ఈ పోలాకు తాళాలు తీసి, రెండు జోడీలనూ పక్కపక్కన నడిపించి, ఇద్దరూ కలిసి తాడు లాగాలని కూడా ఒప్పుకున్నారు. చాయ్ పోస్తూ విన్నాను. ఎక్కువ పోసి పొర్లించాను, కావాలనే.

"పాపం కాశీరాం, తలుపు తీస్తె బతికేటోడు" అన్నాడు గజానన్, చాయ్ ఊదుకుంటూ.

గడప దగ్గర నిలబడిన మా అత్త, "అవు, తీస్తె బతికేటోడే. ఎందుకు తియ్యలేదో అడుగుండ్రి" అంది.

వాళ్లు అడగలేదు. శుద్ధికి ఆమె తల స్నానం చేసి గంట ముందు తప్పు ఒప్పుకుని దండం పెట్టాలని మామ చెబుతుంటే, ఆమె చెప్పులేసుకుని వెళ్లిపోయింది. కింది వాడ వాళ్లు బడిలో తలదాచుకున్నారు. అక్కడికి పోయి సంగవ్వకు కొంచెం దూరంలో నేల మీద కూర్చుంది. సంగవ్వ మాట్లాడలేదు. మర్నాడూ పోయింది, ఆ మర్నాడూ పోయింది. ఇంట్లో వంట నేనే చేశాను, ఉప్పు ఎక్కువైందని మామ అంటే విననట్టు ఊరుకున్నాను. ఒకరోజు అత్త చీకటిపడేవరకూ రాలేదు. పిలుచుకురావడానికి నేను పోతే ఇద్దరూ చాలా తగ్గు గొంతులతో ఏదో మాట్లాడుకుంటున్నారు. నన్ను చూసి ఆపేశారు.

పోలా వచ్చింది. గంటను ఆవు పంచితంతో కడిగారు. గొలుసు విప్పారు. పసుపు రాసిన కొత్త తాడు కట్టారు. బురుజు పక్కనే, గఢీ ముందు మైదానంలో తోరణం. కెమెరాల వాళ్లు, నాయకుడు, పోలీస్ పాటిల్. టెంపోల్లోంచి రెండు జోడీలూ దిగాయి. మా మామా, గజానన్ కొత్త పటకాలతో బురుజు మీద నిలబడి తాడు పట్టుకున్నారు. ఎద్దులు తోరణం ముందుకు రాగానే ఇద్దరూ నవ్వు మొహాలతో లాగారు. గంట గణగణ మోగింది. ఆపకుండా లాగారు, ఒకరు ఆపితే రెండోవాడిది పైచెయ్యి అవుతుందని.

అప్పుడు బడి దారిలో జనం కనబడ్డారు. కింది వాడ మొత్తం వస్తోంది. నెత్తిన మూటలు, చంకల్లో పిల్లలు, చేతుల్లో గిన్నెలు, వెనుక మేకలు. మంచం పట్టిన ముసలమ్మను మంచంతో సహా మోసుకొస్తున్నారు. ముందు సంగవ్వ. ఆమె పక్కన నెత్తిన మూటతో మా అత్త. ఎవరూ అరవడం లేదు, పరిగెత్తడం లేదు. తిన్నగా తోరణం కిందినుంచి, ఎద్దుల మధ్యనుంచి దూరి బురుజెక్కడం మొదలుపెట్టారు. ఎద్దులు బెదిరి వెనక్కి తిరిగాయి. కెమెరాలన్నీ ఇటు తిరిగాయి.

"ఏందే గిది? ఎందుకచ్చిన్రు గిందరు?" అని మామ పైనుంచి కేకేశాడు.

సంగవ్వ ఆఖరి మెట్టెక్కి మూట దించింది. "గంట మోగింది గద పటేలా."

"ఓసి, గది పోలా గంటనే! ఎద్దులకు కొట్టినం!"

"మాకేం దెలుస్తది, ఎద్దులకా, నీళ్లకా? మోగితె ఎక్కి రావాల్నంటరు. అచ్చినం."

"సరే, అచ్చిన్రు గద. దిగుండ్రి ఇగ."

"దిగం. మా మామ బయటికి రాకుంట లోపల్నే ఉన్నడు, ఏమైందో సూసినవ్ గద. గంట మోగినప్పుడల్ల అస్తం. అద్దుమరాత్రి మోగినా, పండుగనాడు మోగినా, పిల్లజెల్లతోని అస్తం." ఆమె మూట పక్కకు జరిపి నేల మీద కాస్త జాగా చేసింది. మా అత్త అక్కడ కూర్చుంది.

మామ పెళ్లాం వైపు చూశాడు, గజానన్ వైపు చూశాడు, కింద మైదానంలో ఖాళీగా ఉన్న తోరణం వైపు చూశాడు. వెనుక జనం ఇంకా ఎక్కుతూనే ఉన్నారు. తాడు ఇద్దరి చేతుల్లోనే ఉంది. మళ్లీ లాగడానికి ఇద్దరికీ భయమేసింది.